కాలు నాది, ఉద్యోగం ఆయనది

(2025 సెప్టెంబరులో చిలమకూరు మసీదు ఆవరణలో జుమా నమాజు అనంతరం జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)





గత నెలలో వికలాంగ పింఛన్ల పునఃపరిశీలన నోటీసులు ఊరూరా వచ్చినప్పుడు మీలో చాలామంది సదరం పత్రాలు చేతబట్టుకొని తిరిగారు. వైకల్యం 40 శాతానికి తక్కువని తేల్చిన వారు అప్పీలు చేసుకోవచ్చునని, అప్పీలు చేసుకొన్న వారికి పింఛను ఆపబోమని ప్రభుత్వం ప్రకటించిన పిమ్మట కొంత ఊరట కలిగినది. ఆ విషయం మీద మాకంటె ముందు మాట్లాడిన వారు చెప్పవలసినది చెప్పారు. మేము ఎత్తుకోదలచినది వేరొక సంగతి. శాతం 60 ఉన్నా, 75 ఉన్నా, డాక్టరు సంతకం పెట్టినా, సచివాలయంలోని కంప్యూటరు దగ్గర ఆగిపోయే దరఖాస్తులు కొన్ని ఉన్నాయి. ఆ దరఖాస్తుదారుల వైకల్యాన్ని ఎవరూ శంకించడం లేదు. వారి భార్యకో భర్తకో ఒక సంపాదన ఉన్నది, అంతే.

మేము ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగిరీ చేసినవారము. కనుక ఈ విషయంలో ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది.

2009 ప్రాంతంలో, వికలాంగ పింఛను నెలకు 500 రూపాయలున్న రోజుల్లో, మేము ఒక మండల కార్యాలయంలో పింఛన్ల సీటు చూచేవారము. చిన్ననాట పోలియో సోకి ఒక కాలు చచ్చుబడిన ఆడమనిషి ఒకామె దరఖాస్తు పెట్టుకొన్నది. ఆమె భర్త ఒక సర్కారు బడిలో అటెండరు. ప్రభుత్వోద్యోగి ఇంట్లో పింఛను ఇవ్వకూడదని ఆమెకు చెప్పాము. ఆమె గోడ పట్టుకొని నిలబడి, “ఉజ్జోగం ఆయప్పది గదా సార్, కాలు నాది గదా” అన్నది. మాకు నవ్వు వచ్చినది. పక్క సీటు వారికీ వచ్చినది. ఆమె ఇంకొకసారి వచ్చినది, మరల వచ్చినది. మూడవసారి ఆమె వెంట వచ్చిన పొరుగింటి ముసలమ్మ చెప్పినది, ఆ భర్త ఆరేళ్లుగా ప్రొద్దుటూరులో వేరొక సంసారం పెట్టుకొని ఉన్నాడని, ఈ ఇంటికి చిల్లిగవ్వ పంపడం లేదని. మా ఫైలులో మాత్రం అతడి జీతం నెలనెలా ఆమె ఇంటికి చేరుతూనే ఉన్నది. విచారణ జరిపించి పై అధికారికి రాయవలసిన మాట అది. మేము రాయలేదు. నిబంధన ప్రకారం “అనర్హురాలు” అని రాసి ఫైలు మూసినాము. బీరువాలో చెదలు తినకపోతే మా చేతిరాత ఇప్పటికీ ఉండే ఉంటుంది.

ఆ నిబంధన ఈనాడు మరింత చురుకైనది. అప్పుడు గుమాస్తా రాసేవాడు, ఇప్పుడు యంత్రం రాస్తున్నది. సచివాలయం పిల్లలు “సిక్స్ స్టెప్” అని పిలిచే ఆరంచెల పరిశీలన సంగతి మీకు తెలిసినదే. గ్రామంలో కుటుంబ ఆదాయం నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. ప్రభుత్వోద్యోగి గానీ, ప్రభుత్వ పెన్షనరు గానీ ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం ఈ చివరి దానిలో మినహాయింపు ఇచ్చారు. పట్టణాల్లో ఇంటి విస్తీర్ణం లెక్క ఒకటి అదనం. ఒక ఇంటికి ఒకే పింఛను అనే నియమంలో తీవ్ర వైకల్యం ఉన్నవారికి, డయాలసిస్ రోగులకు సడలింపు ఉన్నది గానీ, ఆదాయం లెక్కలో వారికి వేరే కొలత లేదు.

ఈ షరతులన్నీ చదివి చూడండి. ఒక్కటి కూడా వికలాంగుణ్ణి ఉద్దేశించి రాసినది కాదు. అన్నీ ఇంటిని చూచి రాసినవే. వృద్ధాప్య పింఛనుకు, బియ్యం కార్డుకు ఏ కొలతో, చేయి లేనివాడికీ, కళ్లు లేనివాడికీ అదే కొలత. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లి కాని పిల్లలు. కొడుకుకు పెళ్లయితే కార్డు వేరు చేసుకోవచ్చును. మొగుడూ పెళ్లాం మాత్రం వేరు కావడానికి వీలు లేదు. కనుక కొడుకు సంపాదన నుండి ఏదో ఒకనాటికి తప్పించుకోవచ్చును గానీ, జీవిత భాగస్వామి సంపాదన నుండి తప్పించుకోలేము.

ఈ ఊరివారే అయిన ఒక దంపతుల సంగతి చెబుతాము. పేర్లు అక్కరలేదు, మీలో సగం మందికి తెలిసినవారే. ఆయనకు నలభై ఏళ్లు. నాపరాయి బండల పాలిషు యూనిట్లో పనిచేస్తుండగా 2024 జనవరిలో కోత మిషను కింద పడి ఎడమ చేయి మణికట్టు వద్ద తెగిపోయినది. సదరం పత్రం 60 శాతమని ఇచ్చారు. వికలాంగ పింఛను 2024 నుండి నెలకు 6,000 అయినది గనుక ఆశతో దరఖాస్తు పెట్టుకొన్నాడు. ఆయన భార్య అంగన్‌వాడీ టీచరు. రాష్ట్రంలో వారి గౌరవ వేతనం 11,500. గ్రామ పరిమితి 10,000. కంప్యూటరు వెంటనే తిరగ్గొట్టినది.

ఇక్కడ లెక్క చూడండి. ఆమెకు 9,900 వచ్చి ఉంటే, ఆయనకు 6,000 కలిపి ఇంటికి 15,900 చేరేవి. ఆమెకు 11,500 వస్తున్నది గనుక ఇంటికి 11,500 మాత్రమే. పదహారు వందలు ఎక్కువ సంపాదించిన పాపానికి ఆరు వేలు పోయాయి. మిద్దె మెట్లు దిగినట్లు కొంచెం కొంచెంగా తగ్గడం లేదు, మిద్దె మీది నుండి కింద పడినట్లున్నది.

ఇంగ్లాండులో కూడా ఈ తగాదా ఉన్నది. అక్కడ సంపాదన పెరిగితే భృతి తగ్గే యూనివర్సల్ క్రెడిట్ అనే పథకంలో భార్యాభర్తల సంపాదనను కలిపే చూస్తారు. కానీ ఒక పౌను సంపాదిస్తే 55 పెన్నీలు మాత్రమే కోస్తారు, మొత్తం ఊడబెరకరు. అనారోగ్యంతో పని చేయలేని వారు తాము కట్టిన బీమా చందా మీద పొందే భృతికి భాగస్వామి సంపాదనను లెక్కించరు. వైకల్యం వలన కలిగే అదనపు ఖర్చుకు ఇచ్చే భృతికైతే ఎవరి ఆదాయమూ అడగరు. కాలు లేని ధనికుడికి కూడా కాలు లేనట్లే గదా అని వారి తర్కం. ఆ దేశపు వ్యవస్థలో లోపాలు లేవని మేము అనడం లేదు. మన ప్రొద్దుటూరు పిల్లలు అక్కడికి పోయినవారు చెప్పే బాధలు వేరే ఉన్నాయి. ఒక్క పింఛనును మూడుగా విడదీసి ఆలోచించవచ్చునని చూపడానికే ఇది చెప్పినాము.

తిరిగి మన చట్టానికి వద్దాము. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినది. దాని 24వ సెక్షను సామాజిక భద్రత గురించి చెబుతున్నది. ఇతరులకు ఇచ్చే ఇటువంటి పథకాలలోని మొత్తం కంటె వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలన్నది. ప్రభుత్వం ప్రకటించే ఆదాయ పరిమితికి లోబడి వికలాంగ పింఛను ఇవ్వాలన్నది. ఎవరి ఆదాయం? ఆ మాట చట్టంలో లేదు. వికలాంగుని ఆదాయమని ప్రభుత్వం ప్రకటిస్తే అడ్డుకొనే వాక్యం అందులో ఒక్కటీ లేదు. ఇంటి ఆదాయమని రాసుకొన్నది మనల్ని పాలించేవారే, ఏ పార్టీ ప్రభుత్వమైనా. కనుక మార్చవలసినది చట్టం కూడా కాదు, ఒక ఉత్తర్వు.

అంగన్‌వాడీ సోదరీమణుల విషయంలో ఇంకొక వింత ఉన్నది. వారు ప్రభుత్వోద్యోగులా? కర్ణాటక ప్రభుత్వానికి, అమీర్‌బీ అనే ఆమెకు మధ్య జరిగిన కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారు ప్రభుత్వ పదవిలో ఉన్నవారు కారని తీర్పు ఇచ్చినది. 2022లో గ్రాట్యుటీ మాత్రం వర్తిస్తుందని చెప్పినది. పేస్కేలు అడిగితే మీరు ఉద్యోగులు కారు అంటారు. ఇంట్లో వికలాంగునికి పింఛను అడిగితే మీ ఇంట్లో జీతం ఉన్నది గదా అంటారు. 2023 డిసెంబరులో మొదలైన వారి సమ్మెలో సంక్షేమ పథకాలు తమ ఇళ్లకూ వర్తించాలన్నది ఒక కోరిక. అప్పుడు మనలో ఎందరము దానిని మన సమస్యగా చూచినాము?

ప్రభుత్వం పక్షాన ఒక మాట ఉన్నది, దానిని దాచడం న్యాయం కాదు. ఖజానా పరిమితమైనది. మొగుడూ పెళ్లాం ఒకే కుండలో వండుకొని తింటారు. లక్ష రూపాయల జీతగాని భార్యకు పింఛను ఇచ్చి, దిక్కులేని వానికి ఆపితే అది ధర్మమా? ఈ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. మేము కూడా చాలాకాలం ఈ ప్రశ్ననే నమ్మి ఫైళ్లు రాసినాము. కానీ పది వేల గీత లక్ష రూపాయల వానిని ఆపడానికి గీసినది కాదు. రోజుకు 400 చొప్పున నెలకు ఇరవై రోజులు ఇద్దరు కూలికి పోతే 16,000 అవుతుంది. నిజం చెబితే ఈ సభలో ఆ గీతకు లోపల ఉండే ఇల్లు ఎన్ని? ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకానికి ఏడాదికి ఐదు లక్షల ఆదాయం వరకు అర్హులన్నారు. పింఛనుకు ఏడాదికి లక్షా ఇరవై వేలు. ఆపరేషను చేయించుకొనే నాడు పేదవాడైన మనిషి, చేయి పోగొట్టుకొని ఇంటికి వచ్చిన నాడు ధనికుడైపోతున్నాడు.

మన ధర్మశాస్త్రం ఈ ప్రశ్నను ఎలా చూచినదో కొంచెం చెప్పుకోవడం అవసరం. ఎందుకనగా మన కమిటీలు కూడా సచివాలయం కంప్యూటరులాగానే ప్రవర్తిస్తున్నాయి. పురుషులు సంపాదించినది వారిది, స్త్రీలు సంపాదించినది వారిది అన్న భావం దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 32వ వాక్యంలో ఉన్నది. ఇంటి పోషణ భారం, అనగా నఫఖా, భర్త మీద ఉంచబడినది. భార్య సంపాదన మీద భర్తకు హక్కు లేదు, ఆమె సంతోషంగా ఇస్తే తప్ప. హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ మస్ఊద్ (రజి) గారి సతీమణి హజ్రత్ జైనబ్ (రజి) తన సొమ్మును భర్త మీద, తన సంరక్షణలోని అనాథల మీద ఖర్చు పెడితే అది దానంగా చెల్లుతుందా అని హజ్రత్ బిలాల్ (రజి) ద్వారా అడిగించినప్పుడు, ఆమెకు రెండు పుణ్యాలు, ఒకటి బంధుత్వానికి, రెండవది దానానికి అని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఇద్దరి సొమ్మూ ఒక్కటే అయితే ఆ ప్రశ్నకే తావు లేదు.

జకాత్ విషయంలో ఇమాం అబూ హనీఫా (రహ్) భార్య తన జకాత్ భర్తకు ఇవ్వరాదన్నారు. భార్యాభర్తలు లాభాలు పంచుకొని బతుకుతారు గనుక ఇచ్చినది ఇచ్చినవారికే తిరిగి చేరుతుందని వారి యుక్తి. ఆయన శిష్యులు ఇద్దరూ, ఇమాం షాఫయీ (రహ్) గారూ ఇవ్వవచ్చునన్నారు. ఇది భార్య తానే ఇచ్చే జకాత్ సంగతి. బయటివారు ఇచ్చేదాని సంగతి వేరు. మన మదరసాలలో చదివే హిదాయా గ్రంథంలోనే, ధనికుని భార్య తాను పేదదైతే భర్త కలిమి వలన ఆమె ధనికురాలుగా లెక్కకు రాదని, తిండికీ బట్టకూ అందేదాని వలన కలిగినది కాజాలదని ఉన్నది. ఎనిమిది వందల ఏళ్ల కిందట రాసిన మాట. అటెండరు భార్య ఫైలు మూసేటప్పుడు ఈ మాట మాకు తెలిసి ఉంటే బాగుండేది.

మరి మనం ఏమి చేస్తున్నాము? మాకు తెలిసిన ఒకాయనకు మూత్రపిండాలు చెడి వారానికి రెండుసార్లు డయాలసిస్. భార్య కువైట్‌లో ఇంటిపనికి పోయినది. ప్రభుత్వం డయాలసిస్ రోగులకు 10,000 పింఛను ఇస్తున్నది, ఆయనకు అది అందుతున్నది. కానీ బస్సు చార్జీలకు, మందులకు చాలక ఒక బైతుల్ మాల్ కమిటీని ఆశ్రయిస్తే, “నీకేమి భాయ్, దీనార్లు వస్తుంటాయి గదా” అని పంపించారు. ఆమెకు అక్కడి సేఠు నాలుగు నెలలుగా జీతం ఇవ్వడం లేదని ఆయన చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి నామోషీ. కమిటీ అడగనూ లేదు. కడప జిల్లాలో కువైట్ డబ్బు చూడని వీధి లేదు, కువైట్ కన్నీళ్లు చూడని వీధీ లేదు. మన రిజిస్టర్లలో “భార్య/భర్త గల్ఫ్” అని ఒక గడి ఉన్నది. ఆ గడిని కొట్టివేసి, “చేతికి అందుతున్నది ఎంత” అని రాసుకొంటే చాలును.

ఇక ఉపయోగపడే విషయం. ఇంటిని చూడకుండా మనిషిని మాత్రమే చూచే హక్కులు కూడా ఉన్నాయి. పింఛను కోసం ఆరు నెలలు తిరిగే మనవారు వీటి కోసం ఆరు రోజులు తిరగరు.

మొదటిది ఈఎస్ఐ. 1948 నాటి చట్టం. సిమెంటు ఫ్యాక్టరీలో గానీ, పదిమందికి తక్కువ కాని కార్మికులున్న యూనిట్లో గానీ, నెలకు 21,000 లోపు జీతగాళ్లందరికీ వర్తిస్తుంది. వికలాంగ కార్మికుడైతే 25,000 వరకు. కాంట్రాక్టు కార్మికుడూ ఇందులోని వాడే. జీతంలో కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జబ్బు చేసి పనికి పోలేకపోతే, ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు చందా పడి ఉన్నవారికి, ఏడాదికి 91 రోజుల వరకు కూలిలో 70 శాతం ఇస్తారు. టీబీ, క్యాన్సర్ వంటి జాబితాలోని దీర్ఘవ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగింపు ఉన్నది. పనిలో గాయపడితే 90 శాతం. దానికి మొదటి రోజు పనిలో చేరినవాడైనా అర్హుడే. శాశ్వత వైకల్యమైతే నష్టశాతాన్ని బట్టి జీవితాంతం. ఈ లెక్కలో ఎక్కడా భార్య జీతం రాదు, కరెంటు మీటరు రాదు, బియ్యం కార్డు రాదు. యజమాని పేరు నమోదు చేయకుండా ఎగవేస్తే కార్పొరేషను కార్మికునికి చెల్లించి యజమాని నుండి రాబట్టుకోవచ్చును. కనుక జీతం చీటీ తీసుకోండి. చీటీ ఇవ్వకపోతే జీతం బ్యాంకులో వేయమనండి. ఏ రుజువూ లేకుండా పదేళ్లు పనిచేసి, ప్రమాదం నాడు రుజువులు వెదకడం మన అలవాటైపోయినది.

పదిమంది లేని చిన్న యూనిట్లకు 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఉన్నది. మేము చెప్పిన చేయి తెగిన సోదరునికి వర్తించేది ఇదే, అక్కడ పనిచేసేది ఆరేడుగురే గనుక. ఆయన కూలి నెలకు 12,000. అందులో 60 శాతం 7,200. నలభై ఏళ్ల వయసుకు చట్టంలోని పట్టికలో ఇచ్చిన అంకె 184.17. రెండూ గుణిస్తే 13,26,024. చేయి పోయినవానికి సంపాదన శక్తిలో నష్టం ఆ చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం 60 శాతం. కనుక ఆయనకు రావలసినది 7,95,614 రూపాయలు. నెలకు 6,000 చొప్పున పదకొండేళ్ల పింఛనుతో సమానం. భార్య అంగన్‌వాడీ టీచరైనా, కలెక్టరైనా ఈ అంకెలో ఒక్క రూపాయి తగ్గదు.

ఈ మాట ఆయనకు పద్దెనిమిది నెలలుగా ఎవరూ చెప్పలేదు. చెప్పిన సలహా వేరొకటి. రెండు నెలల కిందట ఆయన భార్య మా ఇంటికి వచ్చి, “ఉత్తుత్తి తలాఖ్ కాగితం రాయించుకుంటే కార్డు విడిపోతుందంట గదా చాచా, రెండు వేలు ఇస్తే చేసిపెడతామన్నారు” అని అడిగినది. మాకు నోట మాట రాలేదు. ఇటువంటి సలహాలు ఇచ్చేవారు పల్లెపల్లెకు తయారవుతున్నారని విన్నాము. వారికీ, వినేవారికీ గట్టిగా చెప్పదలచుకొన్నాము. నికాహ్, తలాఖ్, తలాఖ్ వెనక్కి తీసుకోవడం, ఈ మూడూ పరిహాసానికి చేసినా నిజంగానే చెల్లుతాయని హదీసు. కాగితం కోసం పలికిన తలాఖ్‌కు మీ ఇంట్లో ఎవరు బాధ్యులు? మూడుసార్లు ఒకేసారి పలికితే 2019 నాటి చట్టం కింద మూడేళ్ల వరకు జైలు. తప్పుడు వివరాలు ఇచ్చి తీసుకొన్న పింఛనును వెనక్కి కట్టించుకొంటారు. ఆ బిడ్డకు మేము ఇదంతా చెప్పి, “నీ జీతం నీ హక్కు తల్లీ, దాని కోసం సిగ్గుపడకు” అన్నాము. ఆమె పింఛను మాట పక్కనబెట్టి, “ఆయప్ప ఇప్పుడు నేను అన్నం పెడితే తల ఎత్తి చూడడు చాచా” అన్నది. ఆరు వేల లెక్కలో ఇది కూడా ఉన్నది. తనదంటూ నెలకు ఒక మొత్తం వచ్చే మనిషి ఇంట్లో కూర్చొనే తీరు వేరు.

పింఛను విషయంలో కూడా చేయవలసినది ఉన్నది. తిరస్కరించినప్పుడు ఏ అంచెలో ఆగినదో సచివాలయంలో అడిగి రాయించుకోండి. చాలాసార్లు భార్య సంపాదన కాదు, ఇంటి యజమాని మీటరు మీ ఆధారుకు ముడిపడి ఉంటుంది, లేదా ఎప్పుడో మానేసిన ఉద్యోగం ఇంకా నమోదులో ఉంటుంది. భర్త విడిచిపెట్టిన స్త్రీ అయితే, విడిగా ఉంటున్నదని క్షేత్ర విచారణ కోరుతూ రాసి ఇవ్వండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. వైకల్యానికి ఇచ్చే పింఛనుకు వికలాంగుని సొంత ఆదాయమే కొలతగా ఉండాలని, అది కుదరనంత వరకు భాగస్వామి గౌరవ వేతనాన్ని లెక్కలోకి తీసుకోరాదని ఒక వినతిపత్రం తయారు చేశాము. సంతకాలకు మసీదు ద్వారం వద్ద బల్ల వేశారు. ఇది మన ముస్లిములకు మాత్రమే సంబంధించినది కాదు, ఊరిలోని అన్ని వాడల వారి సంతకాలూ కావాలి.

చివరిది కొంచెం ఇబ్బందికరమైన విషయం. నష్టపరిహారం దరఖాస్తుకు చట్టం ఇచ్చిన గడువు ప్రమాదం జరిగిన నాటి నుండి రెండేళ్లు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనరుకు ఉన్నది గానీ, దానిని నమ్ముకొని కూర్చోరాదు. మన సోదరునికి వచ్చే జనవరితో రెండేళ్లు నిండుతాయి. నాలుగు నెలలు ఉన్నది. యూనిట్ యజమాని ఆసుపత్రి ఖర్చు భరించి, 30,000 చేతిలో పెట్టి, ఇక ఏ బాకీ లేదని ఒక కాగితం మీద సంతకం తీసుకొన్నారు. హక్కు వదులుకొంటున్నానని రాయించుకొన్న అటువంటి కాగితం ఈ చట్టం ముందు చెల్లదు. యజమాని కూడా మన జమాఅత్ వారే, మన మధ్య నమాజు చేసేవారే. ఆయనను అవమానించాలని ఈ సంగతి ఎత్తలేదు. పోయిన వారం ఆయన ఇంటికి వెళ్లి ఇదంతా ముఖాముఖీ చెప్పినాము. “కోర్టుకు పోతే చూసుకుందాం” అన్నారు. సరే, అదీ ఆయన హక్కే.

దరఖాస్తు కడపలోని కార్మిక శాఖ కార్యాలయంలో వేయాలి. ఆసుపత్రి కాగితాలు ఉన్నాయి, సదరం పత్రం ఉన్నది. ఆయన అక్కడ పనిచేసేవాడని చూపే జీతం చీటీ మాత్రం లేదు. కనుక ఆనాడు పక్క మిషను మీద ఉన్నవారి సాక్ష్యం కావాలి. అక్కడే ఇంకా పని చేస్తున్నవారి భయం మాకు అర్థం కాకపోలేదు, వారికీ ఇళ్లున్నాయి. ఒకరు నిన్న రాత్రి వచ్చి సంతకం పెడతానన్నారు. సోమవారం ఉదయం మొదటి బస్సుకు కడప వెళ్తున్నాము. ఇద్దరు సాక్షులుంటే మంచిదని వకీలు సాబ్ చెప్పారు. రెండవవారి కోసం అసర్ నమాజు వరకు మేము ఇక్కడే, ఈ వేపచెట్టు కింద కూర్చొని ఉంటాము.